గచ్చిబౌలిల కప్పు, ఊర్లె ఎకరం ముప్పై గుంటలు

మెస్సీ వచ్చిండు, పోయిండు. 2025 డిసెంబర్ 13, శనివారం నాడు ఉప్పల్ స్టేడియంల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గూడ బూట్లేసుకొని బంతి తన్నిండు. అదే వారంల మన ఊర్లల్ల సర్పంచ్ ఎలక్షన్లు. 11 తారీఖు మొదటి విడత, 14 రెండోది, 17 మూడోది. అంటే మెస్సీ దిగిన దినం మన పోరలల్ల సగం మంది పార్టీల జెండాలు పట్టుకొని తిరుగుతున్నరు, సగం మంది ఫోన్ల మెస్సీ రీల్స్ సూస్తున్నరు. ఎలక్షన్ల యూత్ ఓట్ల కోసం క్రికెట్ కిట్లు, వాలీబాల్ నెట్లు పంచుడు మన దిక్కు కొత్త గాదు. ఓటుకు ఒక బ్యాటు.

మెస్సీ ముచ్చట అందరు రాసిండ్రు, నేను దాని జోలికి పోను. అది తమాష. తమాష తప్పని నేను అంటలేను, జాతరల రంగులరాట్నం ఎక్కితే తప్పా? కానీ దానికంటే ఏడాది ముందుగాల అదే హైదరాబాద్‌ల అసలు ఆట జరిగింది. దేశాల జట్లు వచ్చినయి, ఆడినయి, ఒక దేశం కప్పు ఎత్తుకొని పోయింది. మన కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు ఎవ్వరూ మాట్లాడలే. ఎందుకు మాట్లాడలే అన్నదే ఇయ్యాల నేను పట్టుకున్న ముచ్చట.

దాని పేరు ఇంటర్‌కాంటినెంటల్ కప్. 2024 సెప్టెంబర్ 3 నుంచి 9 దాంక గచ్చిబౌలి స్టేడియంల ఆడిండ్రు. మూడే జట్లు: మన దేశం, మారిషస్, సిరియా. ఒక్కొక్కలు తక్కిన ఇద్దరితోటి ఒక్కొక్కసారి ఆడుడు, ఎక్కువ పాయింట్లు ఎవరికొస్తే కప్పు వాళ్లది. మొదటి దినం మనం మారిషస్‌తోటి 0-0. సిరియా మారిషస్‌ను 2-0 తోటి కొట్టింది. ఆఖరు దినం మనల్ని 3-0 తోటి కొట్టి కప్పు పట్టుకపోయింది. అంతే. వారం దినాల ముచ్చట మూడు లైన్లల్ల అయిపోయింది.

జెర ఆగి ఒకటి అర్థం చేసుకోవాలె. ఇసోంటి ఆటను ‘ఫ్రెండ్లీ’ అంటరు. స్నేహం కోసం ఆడుడు అని పేరుకే, లోపల లెక్క వేరే ఉంటది. ఫిఫా దేశాలకు ర్యాంకులు ఇస్తది గదా, ఆ లెక్కల ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క బరువు ఉంటది. ప్రపంచ కప్పు క్వాలిఫయర్‌కు 25, ఫిఫా చెప్పిన తారీఖులల్ల ఆడిన ఫ్రెండ్లీకి 10, తారీఖులు తప్పి ఆడితే 5. ర్యాంకు పెరిగితే రేపు పెద్ద టోర్నీల డ్రా తీసినప్పుడు జెర అలకటి గ్రూపు దొరుకుతది. ఇంకోటి, కొత్త కోచ్ వచ్చినప్పుడు కొత్త పోరలను ఆడిపిచ్చి సూసుకునేటందుకు ఇది పనికొస్తది. 2024ల మన జట్టుకు కొత్త కోచ్ మనోలో మార్క్వెజ్, ఆయన మొదటి పరీక్ష ఇదే. 2018ల ముంబైల, 2023ల భువనేశ్వర్‌ల ఇదే కప్పు మనం గెలిచినం. 2019ల అహ్మదాబాద్‌ల ఉత్తర కొరియా గెలిచింది. నాలుగోసారి హైదరాబాద్ వంతు వచ్చింది, సిరియా గెలిచింది.

అప్పుడు మన ర్యాంకు 124, సిరియాది 93, మారిషస్‌ది 179. సిరియా తోటి ఓడిపోతే సరే అనుకోవచ్చు. మారిషస్ తోటి గోల్ లేకుంట ఆట ముగిసిందంటేనే గుబులు.

మారిషస్ అంటే మనకు పరాయి దేశం గూడ గాదు. పంతొమ్మిదో శతాబ్దంల ఇంగ్లీషోళ్లు చెరుకు తోటలల్ల పనికి మన తెలుగోళ్లను కోరంగి రేవుకెల్లి ఓడలల్ల ఎక్కిచ్చిండ్రు. ఆ రేవు పేరు మీదనే అక్కడ తెలుగోళ్లకు ‘కోరంగి’ అని పేరు పడ్డది. ఇయ్యాలటికి ఉగాది నాడు ఆ దేశం మొత్తం సర్కారు సెలవు. 12 లక్షల పైచిలుకు జనం, అంతే. 2011 జనాభా లెక్కల ప్రకారం మన కామారెడ్డి జిల్లా జనం 9 లక్షల 72 వేలు. ఇంత తేడా. మన జిల్లా కంటే జెర పెద్దగున్న దేశం తన జట్టును తాను తయారు చేసుకొని హైదరాబాద్ వచ్చి, 140 కోట్ల దేశాన్ని 90 నిమిషాలు ఆపింది. మరి మా జిల్లా అంత దేశం ఒక జట్టును నిలబెడితే, మా జిల్లా కనీసం ఒక పోరన్ని ఎందుకు పంపలే? ఆ కప్పుకు ఆడిన మన దేశం జట్టుల తెలంగాణ పోరడు ఒక్కడు గూడ లేడు. మణిపూర్ పోరలు ఉన్నరు, మిజోరం పోరలు ఉన్నరు, పంజాబ్, గోవా, బెంగాల్ ఉన్నయి. ఆట మన గడ్డ మీద, ఆటగాళ్లు మనోళ్లు గాదు.

సిరియా ముచ్చట ఇంకో తీరు. 2011ల అక్కడ యుద్ధం మొదలైనప్పటి సంది ఆ జట్టు తన సొంత దేశంల ఆట ఆడుకోలేని కాడికి వచ్చింది. ‘హోం మ్యాచ్’ అంటే వేరే దేశంల ఆడుడే. అసోంటి జట్టు వచ్చి మన మీద మూడు గోల్స్ ఏసింది. అండ్ల రెండోది ఏసిన దలేహో ఇరాందుస్త్ పుట్టింది స్వీడన్‌ల. మూడోది ఏసిన పాబ్లో సబ్బాగ్ పుట్టింది కొలంబియాల. పొట్ట చేత పట్టుకొని పోయినోళ్ల పిల్లలు తాతల దేశం అంగీ ఏసుకొని ఆడిండ్రు. మన చట్టంల రెండు పౌరసత్వాలు లేవు కాబట్టి, పరాయి దేశం పాస్‌పోర్టు తీసుకున్నోళ్ల పిల్లలు మన జట్టుకు ఆడరాదు. అది మార్చాలె, వద్దు అని ఢిల్లీల పంచాయితీ నడుస్తనే ఉన్నది. నడవనియ్యి. అమెరికాల పుట్టిన పోరన్ని తెచ్చుడు గురించి మాట్లాడేటోళ్లు గాంధారి తండాల పుట్టిన పోరని దగ్గరికి బంతి తెచ్చుడు గురించి గూడ మాట్లాడితే బాగుండు. కూట్లె రాయి తియ్యనోడు ఏట్లె రాయి తీస్తడా అని మన పెద్దలు ఉత్తగనే అనలే.

ఇగ ఆట సూసుడు సంగతి. మూడు ఆటలు మంగళవారం, శుక్రవారం, సోమవారం పడ్డయి. రాత్రి ఆట. ఎల్లారెడ్డికి రైలు లేదు. బస్సుల హైదరాబాద్ చేరి, మెట్రో ఎక్కి రాయదుర్గం పోయి, అక్కడికెల్లి ఆటో మాట్లాడుకోవాలె. ఆట అయిపోయినంక వాపస్ బస్సు ఎక్కడిది? ఆ రాత్రి ఎక్కడన్న పండాలె, తెల్లారి పని ఇడిసిపెట్టాలె. పైగ 7 తారీఖు వినాయక చవితి, మండపాలు ఇడిసి ఎవడొస్తడు? మొదటి ఆటకు రెండు దినాల ముందు వానలకు ఖమ్మం, మహబూబాబాద్ మునిగినయి, రాష్ట్రం మొత్తం ఆ దుఃఖంల ఉండె. కప్పుల తారీఖులు ఫిఫా క్యాలెండర్ సూసి పెడతరు, మన బతుకుల క్యాలెండర్ సూసి గాదు. అది ఎవరి తప్పు అని నేను అనను. కానీ రాష్ట్రానికి ఆతిథ్యం అంటే జిల్లాకు పది బస్సులు, బడి పిల్లలకు ఉత్త టికెట్లు అన్న ఆలోచన ఎవరికన్న రావాలె గదా.

ఇప్పుడు మీలో ఒకడు అడుగుతడు: అన్నా, మన దిక్కు కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ గదా, ఫుట్‌బాల్ మనదెట్ల అయితది?

అయితది తమ్మీ. మనదే ఉండె. 1962 సెప్టెంబర్ 4 నాడు జకార్తాల ఆసియా క్రీడల ఫైనల్ల దక్షిణ కొరియాను 2-1 తోటి కొట్టి మన దేశం బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాదీ, బడి పంతులు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల బంగారం గూడ ఆయన చేతికిందనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల మనం నాలుగో స్థానం. ఆ జట్టుల తంగరాజ్, బలరాం, నూర్ మహ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ – అందరు హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాలల్ల పెరిగినోళ్లే. జకార్తా బంగారానికి 62 ఏండ్లు నిండేటందుకు ఒక్క దినం ముందు అదే హైదరాబాద్‌ల మనం మారిషస్ తోటి 0-0 ఆడినం. క్యాలెండర్ గూడ ఒక్కోసారి ఎక్కిరిస్తది.

‘మైదాన్’ సినిమా సూసినోళ్లకు రహీం సాబ్ పేరు ఎరుక. కానీ సినిమా ఆయన పతకాలను ఎక్కువ సూపిచ్చింది. నాకు పనికొచ్చేది ఆయన కింద చేసిన పని. 1943 సంది సచ్చేదాంక హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ ఆయనే. చిన్నపిల్లలకు పోటీలు పెట్టిండు. బంతిని కాళ్లల్ల తిప్పుకుంట కూసోవద్దు, ఇడిసెయ్యాలె అని ఒక పోటీ. బలం తక్కువున్న కాలు తోటే తన్నాలె అని ఇంకో పోటీ. పెద్ద దేశాలు వచ్చి ఆడితే సూసి నేర్చుకుంటరు అని కూసోలే. గల్లీల పోటీలు పెట్టుకుంట పోయిండు, అండ్ల కెల్లి ఒలింపిక్స్ ఆటగాళ్లు ఎల్లిండ్రు.

ఇంకో అసలు ముచ్చట ఉన్నది. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాంక వరుసగ ఐదేండ్లు బొంబాయిల రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు పేరు సూడుండ్రి: పోలీస్. అంటే ఆటకు కొలువు ఉండె. గరీబు ఇంట్ల పోరడు బంతి మంచిగ ఆడితే పోలీసుల, రైల్వేల, బ్యాంకుల నౌకరి దొరుకుతుండె. ఇంట్లకు జీతం, ఊర్లె ఇజ్జత్. అమ్మ నాయిన ‘ఆడుకో బిడ్డా’ అని పంపేటోళ్లు. ఇయ్యాల మన దగ్గర ‘ఆటలు ఏం కూడు పెడతయి’ అని అంటున్నరంటే వాళ్లది తప్పు గాదు, ఆ తొవ్వ మూసుకపోయింది. సర్కారు కొలువులల్ల క్రీడాకారులకు 2 శాతం కోటా ఇప్పటికీ ఉన్నది. అది అందాలంటే పై స్థాయి పోటీల సర్టిఫికెట్ కావాలె. ఆ సర్టిఫికెట్‌కు రాష్ట్రం జట్టు, రాష్ట్రం జట్టుకు జిల్లా జట్టు, జిల్లా జట్టుకు మండలాల పోటీలు. కింది మెట్టే లేనప్పుడు పై మెట్టు మీద 2 శాతం అని రాసిపెట్టి ఏం ఫాయిదా? ఆ కోటా కాయితం మీద మనది, చేతికి వేరేటోళ్లది.

హైదరాబాద్‌కు మొన్నటిదాంక ఒక పెద్ద క్లబ్ ఉండె, హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చి 20 నాడు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. అప్పుడు దాని కోచ్ గీ మనోలో మార్క్వెజ్‌యే. కరోనా మూలంగ ఆ ఏడు ఆటలన్నీ గోవాల జరిగినయి, కప్పు గెలిచిన జట్టు ఆట హైదరాబాద్ జనం స్టేడియంల సూడనే లే. తర్వాత పైసల తిప్పలు, జీతాలు రాక ఆటగాళ్లు ఎల్లిపోయిండ్రు, 2023-24ల ఆఖరు స్థానం. యజమానులు మారిండ్రు. 2025ల ఆ క్లబ్బును ఢిల్లీకి తీసుకపోయి పేరు గూడ మార్చేసిండ్రు, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని. ఫ్యాక్టరీ మిషన్లు లారీల ఎక్కిచ్చి తీసుకపోయినట్టు క్లబ్బును తీసుకపోవచ్చు అని మనకు అప్పుడు తెలిసింది. కింద వేర్లు ఉంటే అంత అలకగ పీకనొస్తుండెనా? కోల్‌కతాకెల్లి మోహన్ బగాన్‌ను పీకుమను సూద్దాం.

మరి మన దిక్కుకెల్లి ఎవ్వలూ లేరా అంటే, ఉన్నది. ఉన్నడు గాదు, ఉన్నది. గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. 2016 అక్టోబర్ దాంక మన కామారెడ్డి, ఎల్లారెడ్డి గూడ ఆ జిల్లలనే ఉండె, అందుకే మన పిల్ల అంటున్న. నిజామాబాద్‌ల ఆట నేర్చుకున్నది, దేశం జట్టుకు ఆడింది, 2022ల క్రొయేషియాల డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు పోయింది. ఈస్ట్ బెంగాల్ ఆడవాళ్ల జట్టు 2024-25 లీగ్ గెలిచినప్పుడు అండ్ల ఆమె ఉన్నది. ఆ ఏడాది దేశంల ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెకే ఇచ్చిండ్రు. 2025 జులైల మన ఆడపిల్లల జట్టు థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీద 2-1 తోటి కొట్టి ఆసియా కప్పుకు అర్హత తెచ్చుకున్నది. మొగోళ్ల జట్టు 2024ల 11 ఆటలు ఆడి ఒక్కటి గూడ గెలువలే, అండ్ల గచ్చిబౌలిల మలేషియా తోటి 1-1 ఆట గూడ ఉన్నది. అయినా మన బస్టాండ్లల్ల, మన మండలాఫీసుల గోడల మీద సౌమ్య ఫోటో ఎన్ని చోట్ల సూసిండ్రు? ఎల్లారెడ్డిల పదో తరగతి ఆడపిల్లలను ఒకసారి నేను అడిగిన. నిఖత్ జరీన్ పేరు అందరూ చెప్పిండ్రు. సౌమ్య పేరు ఒక్కతే చెప్పింది, అది గూడ వాళ్ల తండాల వాళ్లకు దూరపు సుట్టరికం ఉన్నదంటే.

ఇది ఉత్త అదృష్టం గాదు. మాలావత్ పూర్ణ 2014 మే 25 నాడు 13 ఏండ్ల వయసుల ఎవరెస్టు ఎక్కినప్పుడు తాడ్వాయి గురుకులంల సదువుతుండె. తాడ్వాయి ఇయ్యాల మన కామారెడ్డి జిల్లల ఉన్నది. ఒక బడి, ఒక కోచ్, పూటకు సరిపోను తిండి, పోరి మీద నమ్మకం – నాలుగు కలిస్తే తండా పిల్ల ఏడికన్న పోతది. నాలుగింట్ల ఒక్కటి లేకున్నా ఇంటికాడ పత్తి ఏరుడే.

ఇగ జాగ లెక్కకు వస్తా, నా అసలు కొట్లాట ఇదే. 2022ల ఊరూరికి ‘తెలంగాణ క్రీడా ప్రాంగణం’ అని బోర్డులు పాతిండ్రు. చానా ఊర్లల్ల అది ఒక ఎకరం, కొన్ని చోట్ల అర్ధెకరమే. కొన్ని శ్మశానం పక్కన, కొన్ని గుట్ట మీద, కొన్నిటికి తొవ్వే లేదు. రెండు ఇనుప బార్లు, ఖోఖో గుంజలు, ఎండిపోయిన మొక్కలు. పెద్ద ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడుగు, 68 మీటర్ల ఎడల్పు. మన లెక్కల ఎకరం ముప్పై గుంటలు, సుట్టూ నడిచేటందుకు జాగ వేరే. అంటే బోర్డు పాతిన దినమే ఆ ఊర్లె ఫుట్‌బాల్ లేదని రాసిపెట్టినట్టే. ఎవ్వలూ కుట్ర చేసి పెట్టలే, ఎవ్వలూ ఆలోచన చేసి గూడ పెట్టలే.

కానీ ఆ ఎకరంల ఏడుగురు ఏడుగురి ఆట పడతది. 60 మీటర్లు, 40 మీటర్లు – 24 గుంటలల్ల అయిపోతది. పద్నాలుగేండ్ల లోపు పిల్లలకు పెద్ద మైదానం అక్కరనే లేదు, చిన్న జాగలనే బంతి ఎక్కువసార్లు కాలికి తాకుతది, తొందరగ నేర్చుకుంటరు. కావాల్సింది రాళ్లు తీసి సాపు చేసిన భూమి, వెల్డింగ్ షాపుల చేపిచ్చిన రెండు గోల్ పోస్టులు, బంతులు, ఒక పీఈటీ సారు. మండలంల ఎనిమిది ఊర్లు జట్లు కడితే ఆదివారం ఆదివారం రెండు నెలలల్ల లీగ్ అయిపోతది. పెద్ద ఆటకు మండల కేంద్రంల ఒక్క చోట ఎకరం ముప్పై గుంటలు చాలు. కామారెడ్డిల ఇందిరా గాంధీ స్టేడియం ఉన్నది, పంద్రాగస్టుకు జెండా ఎగురతది, మినిస్టర్ల సభలు అయితయి. జిల్లా లీగ్ ఫైనల్ అక్కడ పెట్టుండ్రి, గాలికి పోయేదేం లేదు. రాజకీయంగ సూసినా మా కామారెడ్డి తక్కువ తిన్నదా? 2023ల కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరూ ఈడ నిలబడి ఇద్దరూ ఓడిపోయిండ్రు. ఇంత చైతన్యం ఉన్న జనానికి ఒక మైదానం అడిగే నోరు లేదా?

మన దిక్కు గల్ఫ్ ముచ్చట లేకుంట ఏ ముచ్చటా పూర్తి గాదు. 2022ల ఖతార్‌ల ప్రపంచ కప్ జరిగింది. ఆ స్టేడియాలు, రోడ్లు, మెట్రో కట్టిన కూలీలల్ల మన కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల మనుషులు ఉన్నరు. కొందరు పెట్టెలల్ల వాపస్ వచ్చిండ్రు. గల్ఫ్‌ల సచ్చిపోయినోళ్ల ఇంటికి 5 లక్షలు ఇస్తమని మన సర్కారు జీవో ఇచ్చింది, అది ఏండ్ల కొట్లాట తర్వాత వచ్చింది. ప్రపంచంల మంచి మైదానం ఎట్ల ఉంటదో మన తండ్రులకు ఎరుక, వాళ్లు దాన్ని కట్టిండ్రు. వాళ్ల పిల్లలు మాత్రం కోతలైన వరి మడిల, కొయ్యకాళ్ల మీద చెప్పులు గోల్ పోస్టులు పెట్టి ఆడుతున్నరు.

హైదరాబాద్‌ల ఇంకా కప్పులు వస్తయి. రానియ్యుండ్రి, నేను వద్దనను. సిరియా వచ్చినా, మలేషియా వచ్చినా, రేపు ఇంకెవరన్న వచ్చినా మన రాష్ట్రం పైసలు, మన స్టేడియం. అందుకే ప్రతి కప్పుకు ఒక లెక్క అడగాలె: దీనికి ఎంత పెట్టిండ్రు, అండ్ల జిల్లా లీగులకు ఎంత పోయింది? కొత్త సర్పంచులు వచ్చిండ్రు, గ్రామసభల సీసీ రోడ్డు, మోరీ తర్వాత మూడో ముచ్చటగ ప్రాంగణం పెట్టియ్యుండ్రి. టేపు తీసుకపోయి మీరే కొలవుండ్రి, ఎన్ని గుంటలు ఉన్నదో తీర్మానం పుస్తకంల రాపియ్యుండ్రి. జవాబు రాకుంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుండ్రి. పంచాయతీల అడిగితే ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, జిల్లా యువజన క్రీడల ఆఫీసుల 10 రూపాయలు. 30 దినాలల్ల జవాబియ్యాలె. నేను జిల్లా ఆఫీసుకు పోయిన సోమవారమే ఒకటి ఏసిన, మీ మండలం పేరు తోటి మీరు ఒకటి ఏయుండ్రి.